నాలుగో టేకు

నవంబరు 19

ఈ రోజు నా తలకి కొలతలు తీసుకున్నారు. విగ్గు కోసం. సినిమా హీరోకి నేను డూప్. రాసి చూసుకుంటే బాగుంది, ఇంకోసారి రాస్తాను. సినిమా హీరోకి హుకుంపేట జీపు స్టాండు సుక్రు కూతురు సరళ డూప్.

సినిమావాళ్ళు పసుప్పచ్చటి వలిసె పూల కోసమని వచ్చారు. పాట తీశారు, పూలు తొక్కారు, ఇక పోతారనుకున్నాం. పోలేదు. కార్ల సినిమా అట. కుర్రాళ్ళు కార్లు దొంగిలించి, కార్లతో పందేలు కాసి, కార్లలోనే ప్రేమించుకుంటారట. దానికి మన ఘాట్ రోడ్డు మీద ఛేజింగు కావాలి. వాళ్ళు తెచ్చుకున్న డూప్ మొదటిరోజే మలుపులు చూసి కడుపునొప్పని పడుకున్నాడు. ఫైట్ మాస్టర్ దేవీప్రసాద్ గారు స్టాండుకి వచ్చి, "ఈ ఘాట్ బాగా తెలిసిన సన్నపాటి మనిషి కావాలి, మా హీరోది సన్నటి ఒళ్ళు" అన్నారు. మా స్టాండులో పంతొమ్మిది జీపులు. అందులో పద్దెనిమిది మంది డ్రైవర్లకి పొట్టలున్నాయి.

"ఈ గుంట తోల్తాదండి," అని భీముడు మావే నన్ను చూపించాడు. స్టాండు పెద్ద ఆయన. రెండేళ్ళ కింద అయ్య తుంటి విరిగి మంచాన పడితే, ఆడగుంటకి స్టీరింగేటని మూడు రోజులు గొణిగిందీ ఆయనే. తర్వాత ఏమనుకున్నాడో, బోర్డు మీద అయ్య పేరూ నంబరూ అలాగే ఉంచి నన్ను తోలుకోమన్నాడు. మూడో నంబరు. పొద్దున్న మూడో ట్రిప్పు మాది, మంచి బేరం ఉన్న వేళ. చివరి నంబరుతో చేరి, ముందువాళ్ళు మానేసినకొద్దీ ఒక్కొక్కటే జరుగుతూ ఇరవై ఆరేళ్ళకి అయ్య సంపాదించిన ఆస్తి అది. పొలం అడిగితే ఇచ్చేస్తాడేమో గానీ ఆ నంబరు ఇవ్వడు.

నవంబరు 20

అయ్యకి చెప్పాను. చాలాసేపు చుట్ట వెలిగించుకుంటూనే ఉన్నాడు.

"ఏటి బండి?"

చెప్పాను.

"గేర్లెన్ని?"

"ఆరు."

"ఆరా," అని లేచి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి కర్ర పట్టుకుని ఊరంతా తిరిగొచ్చాడు. నేను పొద్దున చెప్పింది ఆరు గేర్లు. సాయంత్రం సంతలో అల్లం అమ్మే యర్రమ్మ అప్ప వచ్చి, ఎనిమిదంట కదే అని అడిగింది.

నవంబరు 22

ప్రాక్టీసు. ఎర్ర కారు. మన జీపు స్టీరింగు తిప్పాలంటే ముందు బతిమాలుకోవాలి. ఇది వేలితో తిరుగుతుంది. నేను అద్దంలో చూసుకుంటే విగ్గుతో అచ్చం మగపిల్లాడిలా ఉన్నాను, హీరో కన్నా బాగున్నాను. ఇది ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

విలన్ కారు తోలేది భాస్కర్ గారు. అనకాపల్లిలో టాక్సీ ఆయనది. నలభై దాటి ఉంటాయి. నన్ను అమ్మా అని పిలుస్తున్నారు. షాటు ఇదీ: ఆయన జంట మలుపు దగ్గర కొండ పక్కకి అతుక్కుని ఎక్కాలి. నేను లోయ పక్క నుంచి స్పీడు తగ్గించకుండా దిగిపోవాలి. రెండు కార్ల మధ్య జానెడు. నెమ్మదిగా పదిసార్లు చేశాం. పదిసార్లూ సరిగ్గా వచ్చింది.

నవంబరు 24, మధ్యాహ్నం భోజనాల వేళ

మూడు టేకులూ పోయాయి. నా వల్లే.

మొదటిసారి పైనుంచి బాగానే వచ్చాను. జంట మలుపు దగ్గర భాస్కర్ గారి కారు ముక్కు కనిపించగానే ఆగిపోయాను. నేను ఆపలేదు, నా కాలు ఆపింది. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. అయ్య నాకు క్లచ్ చూపించక ముందు నేర్పింది ఇదే. జనంతో, మూటలతో ఎక్కే బండి ఒకసారి ఆగిందంటే మళ్ళీ లేవదు, వెనక్కి జారుతుంది. దిగేవాడు ఆగితే వాడికేం పోయింది. ఈ కొండల్లో సంతకి పోయే ముసలమ్మలకి కూడా తెలుసు. ప్రాక్టీసులో నడక వేగం కాబట్టి కాలు ఊరుకుంది. స్పీడుగా వచ్చేసరికి ఊరుకోలేదు.

రెండోసారీ ఆగాను. మూడోసారి ఆగడమే కాదు, తల బయటపెట్టి, రండి రండి అని చెయ్యి ఊపాను.

యూనిట్ అంతా నవ్వింది. మాస్టర్ మైకులో, "అమ్మా సరళా, అతను విలనమ్మా. విలన్‌కి దారిస్తే మనకి సినిమా ఎక్కడిది?" అన్నారు. గొడుగు కింద కూర్చున్న హీరో కొబ్బరినీళ్ళు తాగుతూ నవ్వాడు, పొలమారింది. పై మలుపులో మా స్టాండువాళ్ళంతా నిలబడి చూస్తున్నారు. వాళ్ళు మాత్రం నవ్వలేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఈసారి చూపిస్తాను.

నవంబరు 24, సాయంత్రం

నాలుగో టేకు ఓకే. మాస్టర్ ఈల వేశారు. అనుకున్నదానికన్నా అదిరిపోయిందన్నారు. హీరో వచ్చి చేయి కలిపాడు. మా వాళ్ళలో ఏ ఆడదానికైనా ఇలాంటి రోజు వచ్చిందా అని ఆలోచించాను. రాలేదు.

ఏమీ జరగలేదు.

నవంబరు 25

భాస్కర్ గారు టీ తెచ్చిచ్చారు. ఆయన గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికింది. "పర్లేదమ్మా," అన్నారు. నేనేమీ అడగలేదు. చలి ఎక్కువగా ఉంది ఇవాళ. ఏమీ జరగలేదు.

నవంబరు 27

యూనిట్ వెళ్ళిపోయింది. విగ్గు నాకు ఇమ్మని అడిగాను, ఇవ్వలేదు.

ఇవాళ జీపెక్కిన ఆడవాళ్ళంతా నా కథే అడిగారు. స్పీడెంత, హీరో ఎత్తెంత, తిండేం పెట్టారు. యర్రమ్మ అప్ప ముందు సీట్లో అల్లం బుట్ట ఒళ్ళో పెట్టుకుని, నన్ను తనే పెంచినట్టు చెప్పుకుంటూ వచ్చింది. భీముడు మావ మాత్రం పలకరించలేదు. శనివారం స్టాండులో కూర్చోవాలట, మాట్లాడే పనుందట.

సన్మానం అనుకుంటాను.

నవంబరు 29

సన్మానం కాదు.

పంతొమ్మిది మందిమీ స్టాండు పక్కన, మేం మొక్కే ఘాట్ తల్లి రాయి దగ్గర కూర్చున్నాం. భీముడు మావ గొంతు సవరించుకున్నాడు.

"సరళా, నువ్వు దిగతా దిగతా ఎక్కే బండికి దారియ్యనేదు. పైనుంచి అందరం సూసినాం. మలుపులోకి ఆపకుండా పోనావు."

"అది సినిమా మావా."

"ఘాట్ సినిమావోళ్ళదేటి?"

"ఆపితే తిట్టారు. మూడుసార్లు ఆపాను కదా, అది చూడలేదా?"

"సూసినాం. మా గుంట అనుకున్నాం. నాలుగోసారీ సూసినాం."

స్టాండు కట్టుబాటు అందరికీ తెలిసిందే. దారివ్వనివాడు తల్లికి కోడిని ఇచ్చి, తప్పు ఒప్పుకుని, తన నంబరు వదులుకుని చివరికి పోవాలి. మా డ్రైవర్లలోనే మంగ్లు బావ ఒకసారి పోయాడు, ప్రసాద్ రెండుసార్లు పోయాడు. కానీ వాళ్ళు జనంతో ఉన్న బళ్ళకి దారివ్వలేదు. నేను విగ్గు పెట్టుకుని విలన్‌కి దారివ్వలేదు. రెండూ ఒకటేనా అని అడిగాను.

"ఒకటే," అన్నాడు మంగ్లు బావ. ఆయనకి నాలుగో నంబరు. నేను పోతే మూడో నంబరు అవుతుంది. అందుకేనా అని అందరి ముందూ అడిగేశాను. బాగుండలేదు, అడగాల్సింది కాదు.

కోడినైనా ఇస్తానేమో గానీ నంబరు ఇవ్వను, అది మా అయ్యది అన్నాను. అయితే తేలేదాకా లైన్లో బండి పెట్టకు అన్నారు. పెట్టనని వచ్చేశాను.

డిసెంబరు 4

లైను లేకపోతే ఏం. అరకు చూడ్డానికి బోలెడంత మంది వస్తున్నారు. ఇవాళ విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని తిప్పాను. నేను సినిమాలో డూప్‌నని చెప్పాను. నమ్మలేదు. ఆయన, "స్పీడుగా తోలి చూపించు మరి," అన్నాడు. వెనక పసిబిడ్డ ఉంది. తోలలేదు. దిగేటప్పుడు ఆయన భార్యతో, చెప్పానా అన్నాడు.

డిసెంబరు 11

అయ్య నా పక్షమే. "సినిమాకి రూలేటి? కోడి నేదు ఈక నేదు," అన్నాడు. అన్నం తింటూ మళ్ళీ అడిగాడు.

"ఆడి బండికీ నీ బండికీ ఎంత వోరలో పోనావు?"

"జానెడు."

నవ్వాడు. పళ్ళు లేని చోటు కూడా కనిపించేలా నవ్వాడు. తర్వాత ఊరికే అడిగినట్టు అడిగాడు, "ఆడు కొండ పక్కేనా?"

అవునన్నాను. ఇంకొంచెం పులుసు వడ్డించాను.

డిసెంబరు 12

ఏమీ జరగలేదు.

జనవరి 9

కాఫీ పళ్ళ కోతలు. పొద్దున్న పని లేక స్టాండు మీదుగా ఖాళీ బండితో పోతుంటే యర్రమ్మ అప్ప నెత్తిమీద అల్లం బుట్టతో నడుస్తోంది. ఆపాను.

"ఎక్కు అప్పా."

"లైన్లో నేని బండి ఎక్కితే రేపు మిగతావోళ్ళు నన్ను ఎక్కించుకోరే. బేగి తేల్సుకో నీ యవ్వారం. కోడికి ఇంత రోసమేటి?"

కోడి కోసం కాదు, నంబరు కోసం అని చెప్పాను. ఆమె నంబర్లు లెక్కపెట్టుకునే మనిషి కాదు. అటూ ఇటూ చూసి నడుచుకుంటూ పోయింది. నా తప్పు లేదని ఇంకో నలుగురికి చెప్పాలనిపించింది, ఎవరూ లేరు.

ఫిబ్రవరి 16

ట్రైలర్ వచ్చింది.

ప్రసాద్ ఇంటికి పరిగెత్తుకొచ్చి, బేగి రా బేగి రా అని స్టాండుకి లాక్కుపోయాడు. పద్దెనిమిది మంది ఒక ఫోను చుట్టూ. నన్ను మధ్యలోకి తోశారు. రెండు నిమిషాల ట్రైలర్‌లో నా ముక్క పదకొండు సెకన్లు. హీరో మొహం, గేరు మీద హీరో చెయ్యి, తర్వాత పైనుంచి డ్రోన్‌తో తీసింది. పచ్చటి లోయ, మన జంట మలుపు, ఎర్ర కారు దూసుకొస్తోంది. అది నేను. ఎంత బాగుందంటే, నాకే నమ్మకం కుదరలేదు.

తర్వాత భాస్కర్ గారి కారు.

ఈలలు వేశారు. మళ్ళీ పెట్టమన్నారు. ఎనిమిదిసార్లు చూశారు. "ఆ సక్రం గాల్లో తిరిగింది సూడరా, ఎలగ తీసినార్రా," అని మంగ్లు బావ. గ్రాఫిక్స్ అన్నాడు ప్రసాద్. భీముడు మావ కళ్ళు తుడుచుకున్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి.

"అందరం అనుకున్నాం. సినిమా సినిమాయే. మాపీ సేసీసినాం. రేపు పొద్దున్న మూడో నంబర్లో ఎట్టుకో బండి."

ఎనభై రోజులు ఎదురుచూసిన మాట. ఇంటికొచ్చి అయ్యకి చెప్పాను. పక్కింటివాళ్ళందరినీ పిలిచి చెప్పాడు.

నేను ఈల వేయలేదు.

ఫిబ్రవరి 17

లైన్లోకి పోలేదు. జ్వరమని చెప్పి పంపాను. జ్వరం లేదు.

రాస్తాను. ఇది నా పుస్తకం, ఇందులో కూడా రాయకపోతే ఎందుకు.

నాలుగో టేకుకి ముందు నాకు కళ్ళు కనపడనంత కోపంగా ఉంది. ఆ కొబ్బరినీళ్ళ నవ్వే చెవిలో ఉంది. రిహార్సల్‌లో ఎంత స్పీడు అనుకున్నామో అంతకు మించి తెచ్చాను. అంత స్పీడులో లోయ పక్కకి పోవడానికి నాకు గుండె చాలలేదు. ఇది కూడా రాయాలి, గుండె చాలలేదు. ఆఖరి నిమిషంలో మలుపు కోసేసి కొండ పక్కకి వచ్చేశాను. అది భాస్కర్ గారి దారి. ఆయనకి ఇంకో దారి లేదు. లోయ పక్కకి తిప్పారు. నేను పోతూ అద్దంలో చూశాను. వెనక చక్రం రోడ్డు దాటి గాల్లో తిరుగుతోంది. రాళ్ళు రాలుతున్నాయి. ఎంతసేపో తెలీదు. తర్వాత కారు పైకి లాక్కుంది.

పై మలుపు నుంచి మావాళ్ళకి అది కనపడదు, కొండ అడ్డం. కిందున్న మాస్టర్‌కి కెమెరా టీవీలో కనపడింది, అది మేమిద్దరం తెగించి చేశామనుకున్నారు. భాస్కర్ గారు ఎవరికీ చెప్పలేదు. నాకు టీ ఇచ్చారు.

గ్రాఫిక్స్ కాదు ప్రసాదూ.

ఫిబ్రవరి 18

భాస్కర్ గారికి ఫోన్ చేశాను. ట్రైలర్ చూశారా అని మొదలుపెట్టాను, సిగ్గు లేకుండా.

"సూడనేదమ్మా. పిల్లలు సూసినారంట."

చెప్పాను. మీ దారిలోకి నేనే వచ్చాను, భయపడి వచ్చాను అని మొత్తం చెప్పాను. ఆయన బస్టాండులో ఉన్నట్టున్నారు, అరుపులు వినిపిస్తున్నాయి.

"నాదే తప్పనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ. కొండ పక్క వొదిలీసింది నానే కదా అని. ఆ రోజు నుంచి నాను ఘాట్ ఎక్కనేదు. పాడేరు బేరాలొత్తే పక్కోడికి ఇచ్చీసున్నాను. సెయ్యి వొణుకుతాది."

నేను ఏడ్చాను. ఆయనే ఊరుకోబెట్టారు. చివర్లో, "సెప్పినావు కదా. అది సాలు," అన్నారు.

చాలదు.

ఫిబ్రవరి 20

ముందు అయ్యకి. చుట్ట వెలిగించుకోక ముందే చెప్పేశాను. ఆ రోజు భాస్కర్ గారు కొండ పక్క లేరని, నేనున్నానని, నీతో అబద్ధం చెప్పానని. నంబరు వదిలేస్తానని కూడా చెప్పాను. అది అనేటప్పుడు ఆయన మొహం చూడలేదు, పాదాలు చూశాను.

చుట్ట పక్కన పెట్టేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను పాత్రలు తోమాను. నీళ్ళు తెచ్చాను. ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చాను. చాలాసేపటికి గోడవైపు నుంచే మాట వచ్చింది.

"ఏ కోడినిత్తావు?"

"కుంటిది ఉంది కదా."

"తప్పు ఒప్పుకోడానికి కుంటికోడినిత్తారేటే? నా పుంజుని అట్టుకెల్లు."

నెమలి రంగు పుంజు అది. దాని దగ్గరికి నన్ను కూడా రానివ్వడు.

ఫిబ్రవరి 21

పుంజుని చంకలో పెట్టుకుని స్టాండుకి పోయాను. దారి పొడుగునా నా చెయ్యి పొడిచింది.

భీముడు మావ నవ్వాడు. "అదేటే, మాపీ సేసీసినాం అన్నాను కదా."

"మీరు చూసింది మాఫీ చేశారు మావా. చూడంది చెప్తాను."

ట్రైలర్ పెట్టమన్నాను. ప్రసాద్ హుషారుగా పెట్టాడు. చక్రం దగ్గర ఆపమన్నాను. ఇది గ్రాఫిక్స్ కాదు, అని మొదలుపెట్టి చివరిదాకా చెప్పాను. భయపడ్డానని కూడా చెప్పాను. ఎక్కుతున్న మనిషిని లోయవైపు తోసేశాను, ఆయన ఇప్పుడు ఘాట్ ఎక్కడం లేదు అన్నాను. ఫోను చేతిలో పట్టుకునే ప్రసాద్ అలా ఉండిపోయాడు. పుంజు ఒక్కటే గోల చేసింది.

"ఎవుళూ అడగనేదు," అన్నాడు మంగ్లు బావ మెల్లగా. "నన్ను రెండు కిలోమీటర్లు ఎంటబడి తరిమితే ఒప్పుకున్నోణ్ణి నాను. నువ్వేటే ఇలగ వొచ్చీసినావు?"

"నీకు మూడో నంబరు ఇద్దామని," అన్నాను. అప్పుడు నవ్వారు. ఆ రోజు ఆయన్ని అన్నదానికి ఇది క్షమాపణ అని ఆయనకి అర్థమైంది, తల ఊపాడు.

భీముడు మావ పుంజుని తల్లి రాయి దగ్గర కట్టాడు. బోర్డు దించి, తడిగుడ్డతో మూడో వరుసలో సుక్రు పేరు తుడిచాడు. ఎన్నేళ్ళ సుద్దో, ఒక్కసారికి పోలేదు. చూస్తూ నిలబడ్డాను. మంగ్లు నుంచి ఒక్కొక్కరినీ పైకి జరిపాడు. చివరికొచ్చి పంతొమ్మిది వేసి, సు అని రాశాడు. ఆగాడు. నన్ను చూశాడు. వేలితో చెరిపి, సరళ అని రాశాడు. అక్షరాలు వంకరగా ఉన్నాయి. నాకు నచ్చాయి. ఫోటో తీసుకున్నాను, భాస్కర్ గారికి పంపాను.

చివరి ట్రిప్పుకి పదకొండింటికి బయల్దేరాను. ఏడుగురే ఎక్కారు. యర్రమ్మ అప్ప సంతకి ఎప్పుడూ ఆలస్యమే, ఆమెకి ఈ నంబరు బాగా కుదిరింది.

ఇంటికి వచ్చేసరికి అయ్య గుమ్మంలో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో, తుంటి నొప్పికి మొహం చిట్లించుకుని ఉన్నాడు.

"ఎంతేసినారు?"

"పంతొమ్మిది."

"ఎవుల పేరునేసినారు?"

"నా పేరున."

కొంచెంసేపు బండివైపు చూశాడు. బానెట్ మీద చెయ్యి వేశాడు, ఇంకా వేడిగా ఉంది.

"నాను స్టాండులో సేరినప్పుడు ఇరవైరెండు," అన్నాడు. "నాకన్నా మూడు ముందున్నావు."

లోపలికి వెళ్ళి అన్నం వడ్డించమన్నాడు. వడ్డించాను.